ప్రతులకు...

హెబ్బగోడిలో తెలుగు మాటకు ఎప్పుడూ కొదవ లేదు. బొమ్మసంద్ర కంపెనీల్లో షిఫ్టు దిగి టీ అంగళ్ల ముందు నిలబడేవాళ్లలో చిత్తూరు, అనంతపురం, కర్నూలు యాసలన్నీ వినొచ్చు. పుస్తకం కావాలంటేనే చిక్కు. అందుకే చాలాకాలం మా ఇంటికి తెలుగు సాహిత్యం పోస్టులోనే వచ్చింది.

ఎవరి దగ్గరైనా కొత్త పుస్తకం కనబడితే ముందు తిప్పి చూసేది లోపలి రెండో పేజీ. అక్కడ వెల, వెయ్యి ప్రతులని ఒక ముక్క, కింద ‘ప్రతులకు’ అని చిరునామా. తెలుగులో చిన్న ప్రచురణ సంస్థ అంటే చాలాసార్లు రచయిత ఇల్లే. అమ్మ పేరో కూతురి పేరో పెట్టి సంస్థ అనేవారు. రెండో పుస్తకం వస్తుందన్న భరోసా ఉండేది కాదు. ఆ కిందే కాచిగూడ నవోదయ, విశాలాంధ్ర శాఖలు ఉన్నా, నేను మాత్రం ఇంటి చిరునామాకే డబ్బు పంపేవాణ్ణి.

పంపడమంటే మనియార్డరు. ఫారం అడుగున చిన్న కూపన్ ఉండేది. పుస్తకాల పేర్లు, మన చిరునామా రాశాక చోటు మిగిలితే, పోయినసారి పుస్తకం ఎలా ఉందో ఒక వాక్యం. డబ్బుతోపాటు సమీక్షా ముట్టేదన్నమాట. ఆ పాత మనియార్డరు 2015లో ఆగిపోయింది.

పొట్లం గోధుమరంగు కాగితంలో, పురికొస చుట్టుకుని, రెండు కొసలా తెరిచి వచ్చేది. లోపలున్నది పుస్తకమేనని పోస్టువాళ్లు చూసుకోవాలిగా. ఉత్తరం పెట్టకూడదు. పుస్తకం మీద కానుక మాట రాయొచ్చు. ఆ సందు చాలు మనవాళ్లకు. ‘ప్రియమైన పాఠకులకు’ అని మొదలుపెట్టి, అట్ట లోపలి తెల్లకాగితం నిండా రాసేసేవారు: కాగితం ధర పెరిగిందని, అచ్చుతప్పులు మన్నించమని, మీ ఊళ్లో చదివేవాళ్లెవరైనా ఉన్నారా అని. దాన్ని కానుక మాట అనొచ్చో లేదో పోస్టుమాస్టరుగారే చెప్పాలి.

1980లో మొదలైన హైదరాబాద్ బుక్ ట్రస్ట్, అలెక్స్ హేలీ ‘రూట్స్’ను సహవాసి చేత కుదించి ‘ఏడు తరాలు’గా తెలుగు చేయించింది. ఎక్కడో ఆఫ్రికా కథ పల్లెల దాకా పోయిందంటే అనువాదం గొప్పతో పాటు తక్కువ వెల, పోస్టు కట్టల చలవ కూడా ఉంది. ఇటు బెంగళూరులో మనసు ఫౌండేషన్ ఉంది. గురజాడ 150వ జయంతికి, 2012లో, ఎమెస్కోతో కలిసి ఆయన రచనలన్నిటి సంపుటం ‘గురుజాడలు’ తెచ్చింది. ఆ బరువును పోస్టుకు అప్పగించే ధైర్యం చాలక నేనే వెళ్లి మోసుకొచ్చుకున్నాను. అత్తిబెలె దాటితే హోసూరు. స.వెం. రమేశ్ వంటివారు పూనుకుని అక్కడి తెలుగులోనే ‘మోరసునాడు కథలు’ వేశారు. ఆ యాస చదవడానికి మా వీధివాళ్లకు అర్థతాత్పర్యాలు అక్కర్లేకపోయింది.

2024 డిసెంబరు 18న తపాలా శాఖ రిజిస్టర్డ్ బుక్ పోస్టు తీసేసింది. కిలో పుస్తకాలు 32 రూపాయలకు పోయేవి కాస్తా పార్శిల్ లెక్కన 78 అయ్యాయి. వంద రూపాయల కవిత్వానికి అది మోయలేని బరువు. 2025 మే 1 నుంచి ‘జ్ఞాన్ పోస్ట్’ పెట్టారు: 300 గ్రాములకు 20 రూపాయలు, అయిదు కిలోలకు 100. ఈ ధర న్యాయమైనదే, కాదనను.

పాతదంతా బంగారమనీ అనను. ఇప్పుడు ఎన్ని కావాలంటే అన్నే అచ్చేస్తున్నారు. మంచాల కింద అమ్ముడుపోని కట్టలు లేవు. రచయితల ఇల్లాళ్లెవరూ ఆ కట్టల కోసం బెంగపెట్టుకుని ఉండరు. నాకు కొరతనిపించేది ఆ కూపన్, ఆ తెల్లకాగితం.

మొన్న ఒక కథల పుస్తకం జ్ఞాన్ పోస్టులోనే వచ్చింది. డబ్బు ఫోన్‌లో కొట్టాను, చిరునామా వాట్సాప్‌లో పెట్టాను. అట్ట లోపల పొడి సంతకం. చదివి రెండు వాక్యాల అభిప్రాయం పంపితే, రాత్రి పదకొండింటికి రచయిత జవాబిచ్చాడు, ఏడెనిమిది నిమిషాల వాయిస్ మెసేజ్. అచ్చుతప్పులు మన్నించమనే మొదలుపెట్టాడు.