సగం బానెట్ పరీక్ష

మా పక్క ఫ్లాట్ పెద్దాయన ప్రతి శనివారం పొద్దున్నే కిందకి దిగి, వాళ్ల అబ్బాయి టెంపో ముందు నిమ్మకాయ, పచ్చిమిరపకాయల దండ కడతారు. కుర్రతనంలోనే సిరిసిల్ల వైపు నుంచి సూరత్ వచ్చి, లింబాయత్‌లో పవర్‌లూమ్‌ల మీద ముప్పై అయిదేళ్లు పనిచేసిన మనిషి. ఆయన్ని నేను మామా అని పిలుస్తాను. ఆయన నన్ను బిడ్డా అంటారు. నేను కారు కడుక్కునేది కూడా శనివారం పొద్దున్నే కాబట్టి, వారానికోసారి పార్కింగ్‌లో మా ఇద్దరికీ చిన్న వాదన జరుగుతుంటుంది. కోవూర్ పుస్తకాలు చదివి పెరిగినవాణ్ణి, నిమ్మకాయ కనిపిస్తే నోరు ఊరుకోదు.

ఆ రోజు కూడా నేనే మొదలుపెట్టాను. "మామా, ఈ పది రూపాయల నిమ్మకాయ హైవే మీద టెంపోని ఎలా కాపాడుతుంది?" అన్నాను. ఆయన దండ ముడి వేస్తూనే నా చేతిలో సీసా చూశారు. "నీ చేతిలోది ఏంది?" అన్నారు. స్ప్రే వ్యాక్స్ అని చెప్పాను. కడిగిన కారు తడిగా ఉండగానే దీన్ని చిలకరించి తుడిస్తే త్వరగా ఆరుతుంది, మెరుస్తుంది, నీటి మరకలు పడవు, ఎండ నుంచి పెయింట్‌కి రక్షణ అని గుక్క తిప్పుకోకుండా చెప్పాను. ధర అడిగారు. మూడువందల యాభై అన్నాను.

"గిదంత అయితదని నీకెట్ల ఎరుక బిడ్డా?"

"సీసా మీద రాసుంది మామా."

ఆయన నవ్వలేదు. "నాకు మా అయ్య చెప్పిండు" అని మాత్రం అని లిఫ్ట్ వైపు వెళ్లిపోయారు.

మిత్రులారా, ఆ ఒక్క మాటతో నేను ఓడిపోయాను. రెండేళ్లుగా ఆ ద్రవం వాడుతున్నాను. వాడనప్పుడు కారు ఎలా ఉంటుందో ఒక్కసారి కూడా పోల్చి చూడలేదు. ఇందులో సిగ్గుపడాల్సిన సంగతి ఇంకొకటుంది. నా ఉద్యోగం పాండేసరాలో ఒక డైయింగ్ మిల్లు ల్యాబ్‌లో. గుడ్డకి నీళ్లు అంటకుండా చేసే ఫినిషింగ్ సరిగా పట్టిందో లేదో చూడటం మా రోజువారీ పని. గుడ్డని 45 డిగ్రీల వాలులో బిగించి, 250 మిల్లీలీటర్ల నీళ్లు పైనుంచి చిలకరించి, తడిసిన తీరుని ప్రమాణ చిత్రాలతో పోల్చి 0 నుంచి 100 దాకా మార్కులు వేస్తాం. పార్టీ ఎంత గొప్పగా చెప్పినా పరీక్ష లేకుండా ఒక్క థాన్ కూడా పాస్ చేయం. అలాంటివాణ్ణి ఇంటికొచ్చి సీసా మీది అక్షరాల్ని వేదవాక్కులా నమ్మాను.

ముందుగా ఈ ద్రవంలో ఏముంటుందో చెప్తాను. కార్నాబా అనేది బ్రెజిల్‌లో పెరిగే ఒక తాటిజాతి చెట్టు ఆకుల మీద పట్టే మైనం. అది 80 డిగ్రీలు దాటితే గాని కరగదు. దాన్నో, సిలికోన్‌నో, రెండింటినీ కలిపో నీళ్లలో సన్నటి తుంపరలుగా చెదరగొట్టి సీసాల్లో పోస్తారు. సూరత్ మిల్లుల్లో చీరలు మెత్తగా జారేందుకు వాడే సిలికోన్ సాఫ్ట్‌నర్లకి ఇది దగ్గరి చుట్టమే. పెయింట్ మీద పలుచటి పొరలా పట్టుకుంటుంది. ఆ పొర మీద నీరు పరుచుకోలేక గుండ్రంగా ముడుచుకుంటుంది. నీటి బొట్టు అంచు, కింది తలం కలిసేచోట ఏర్పడే కోణం గురించి థామస్ యంగ్ 1805 లోనే రాశాడు. ఆ కోణం 90 డిగ్రీలు దాటితే బొట్టు ముత్యంలా నిలుస్తుంది. ఇందులో మాయ లేదు. కాకపోతే ముత్యాల్లాంటి బొట్లు కనబడగానే మిగతా వాగ్దానాలన్నీ నిజమేనని మన మనసు తీర్మానించేస్తుంది. బాబా ఒక గారడీ చేసి చూపగానే జబ్బులు కూడా నయం చేస్తాడని జనం నమ్మడం లాంటిదే ఇది.

మరుసటి శనివారం పరీక్ష పెట్టాను. నాది నల్ల కారు, ఏదైనా దాని మీద బాగా కనబడుతుంది. బానెట్ మధ్యలో మాస్కింగ్ టేప్ అంటించి రెండు భాగాలు చేశాను. ఒకే రకం స్ప్రే సీసాలు రెండు తెచ్చి, ఒకదాంట్లో వ్యాక్స్, ఇంకోదాంట్లో మామూలు నీళ్లు పోయించాను. మా అబ్బాయి నాణెం ఎగరేసి, ఏ సగానికి ఏది కొట్టాలో వాడే నిర్ణయించి, కాగితం మీద రాసి జేబులో పెట్టుకున్నాడు. వాడు కొడుతుంటే నేను అటు తిరిగి నిలబడ్డాను. తర్వాత రెండు సగాల్నీ రెండు కొత్త మైక్రోఫైబర్ గుడ్డలతో నేనే తుడిచాను.

తుడుస్తుంటేనే నాకు తెలిసిపోయింది. ఎడమవైపు గుడ్డ పట్టి పట్టి కదిలింది, కుడివైపు జారిపోయింది. కాబట్టి మెరుపు విషయంలో నా తీర్పు చెల్లదని పక్కకి తప్పుకున్నాను. టేప్ తీసేసి మామని, మా ఆవిడని, వాచ్‌మన్‌ని, పై అంతస్తువాళ్లు ఇద్దర్ని విడివిడిగా పిలిచి "ఏ వైపు ఎక్కువ మెరుస్తోంది?" అని అడిగాను. ముగ్గురు కుడి అన్నారు, ఇద్దరు ఎడమ అన్నారు. నాణెం ఎగరేసినా దాదాపు ఇంతే వస్తుంది. మా ఆవిడ అయితే రెండూ ఒకటేనని మొదట అని, నేను బలవంతం చేస్తే ఎడమ అంది. అయిదుగురితో మెరుపు అసలే లేదని తేల్చలేం. కానీ రెండేళ్లుగా నాకు కొట్టొచ్చినట్టు కనబడిన మెరుపు వాళ్లలో ఎవరికీ కొట్టొచ్చినట్టు కనబడలేదు. తర్వాత మగ్గుతో నీళ్లు పోస్తే మాత్రం అయిదుగురూ ఒకే మాట చెప్పారు. కుడివైపు బొట్లు బొట్లుగా జారింది, ఎడమవైపు పరుచుకుంది. అబ్బాయి జేబులో కాగితం తీశాడు. వ్యాక్స్ కుడివైపే.

ఇక నీటి మరకలు. మా బోరు నీళ్లు ఉప్పగా ఉంటాయి. ల్యాబ్ మీటర్‌తో చూస్తే లీటరుకి 900 మిల్లీగ్రాముల లవణాలు తేలాయి. తాగే నీటికి మన జాతీయ ప్రమాణం కోరే హద్దు 500, వేరే నీళ్లు దొరకనప్పుడు 2000 దాకా ఒప్పుకుంటుంది. కారు మీద అర లీటరు నీళ్లు వాటంతట అవే ఆరిపోతే దాదాపు అర గ్రాము ఉప్పు, సున్నం పెయింట్ మీద మిగిలిపోతాయన్నమాట. అవి ఎక్కడికి పోతాయి? వ్యాక్స్ వాటిని మాయం చేయలేదు. రెండు సగాల మీదా నీళ్లు చల్లి, తుడవకుండా ఎండలో వదిలేశాను. ఎడమవైపు పలుచగా బూడిదరంగు మరక పడింది. కుడివైపు చిన్న చిన్న గుండ్రటి తెల్ల చుక్కలు పడ్డాయి, నిజానికి ఇవే ఎక్కువగా కనబడ్డాయి. మరక పడకుండా ఆపేది గుడ్డ, సీసా కాదు. తుడవకుండా వదిలేస్తే వ్యాక్స్ ఉన్నవైపే చూడ్డానికి అధ్వాన్నం.

ఇక్కడ మనవాళ్లలో కూడా తిరిగే ఒక నమ్మకం గురించి చెప్పాలి. నీటి బొట్టు భూతద్దంలా పనిచేసి ఎండని ఒకచోట చేర్చి పెయింట్‌ని కాల్చేస్తుందంటారు. మొక్కలకి మధ్యాహ్నం నీళ్లు పోయకూడదనడానికీ ఇదే కారణం చెప్తారు. 2010లో హంగరీ పరిశోధకులు ఆకుల మీద దీన్ని పరీక్షించారు. గాజు పూసలు పెడితే ఆకులు కాలాయి గాని, నున్నటి ఆకుల మీద నీటి బొట్లు కాల్చలేదు. తలానికి ఆనుకుని ఉన్న బొట్టులోంచి వెళ్లే కిరణాలు ఆ తలం మీదే ఒక బిందువుకి చేరవు. ఆకుకి నూగు ఉండి, బొట్టు దాని మీద పైకెత్తినట్టు నిలిస్తే మాత్రం కాలే వీలుందని వాళ్లే చెప్పారు. బానెట్‌కి నూగు లేదు కదా. పెయింట్ మీద మిగిలే తెల్ల వలయం కాలిన మచ్చ కాదు, పైన చెప్పిన సున్నమే.

రక్షణ ఎన్నాళ్లుంటుందో కూడా చూశాను. వారానికోసారి షాంపూతో కడుగుతూ పోతే, అయిదో వారానికి నీళ్లు పోసినా ఏది ఏ సగమో చెప్పలేకపోయాం. సీసా మీద "నెలల తరబడి" అని ఉంది.

చివరికి మిగిలింది ఒక్కటే, గుడ్డ జారడం. అది చిన్న విషయమేమీ కాదు. ఫ్యాక్టరీలో వేసే పై పారదర్శక పొర మందం సుమారు 40 నుంచి 50 మైక్రాన్లు, మన తలవెంట్రుక కన్నా పలుచన. మా ప్రాంతంలో కారు మీద పడేది ఉత్త దుమ్ము కాదు, మిల్లుల బొగ్గు బాయిలర్ల నుంచి వచ్చే బూడిద కూడా ఉంటుంది. కడిగినా ఒకటి రెండు రేణువులు మిగులుతాయి. గుడ్డ పట్టేస్తూ కదిలితే ఆ రేణువు గీత గీస్తుంది. నల్ల కారు మీద ఎండలో కనబడే సాలెగూడు గీతలు ఇలా వచ్చేవే. మధ్యలో జారుడు పొర ఉంటే గీతలు తగ్గాలి. తగ్గుతాయని మాత్రం నేను నిరూపించలేదు, దానికి కనీసం ఏడాది పాటు సగం కారుకే వాడాలి. అది ఊహే తప్ప రుజువు కాదు.

ఈ కథలో నా తప్పు ఇంకొకటుంది. అది దాచి మిగతాది చెప్తే అబద్ధమే అవుతుంది. పరీక్ష కోసం సీసాని మొదటిసారి నాలుగువైపులా చదివాను. వెనకవైపు చిన్న అక్షరాల్లో బ్రేక్ డిస్కుల మీద, అద్దం మీద పడనివ్వొద్దని రాసుంది. నేను రెండేళ్లుగా చక్రాలకి కూడా ధారాళంగా కొడుతున్నాను! ఒక శనివారం గేటు దగ్గర మొదటి బ్రేక్ పట్టక కారు ఓ మూర ముందుకి పోయిన సంగతి అప్పుడు గుర్తొచ్చింది. తడి వల్ల అనుకుని వదిలేశాను. అది తడి వల్లా, వ్యాక్స్ వల్లా అని ఇప్పుడు తేల్చలేను. కానీ ఆ రోజు గేటు అవతల పిల్లలు సైకిళ్లు తొక్కుతున్నారు. ముందువైపు పెద్ద అక్షరాలన్నీ నమ్మాను, వెనకవైపు చిన్న అక్షరాలు చదవను కూడా లేదు. మామ నిమ్మకాయ కనీసం బ్రేక్ జోలికి పోదు.

ఇదంతా మామకి చెప్పాను, బ్రేక్ సంగతితో సహా. శ్రద్ధగా విన్నారు. "మరి నా నిమ్మకాయకు గూడ పరీక్ష పెడ్తవా?" అన్నారు. పెట్టాలంటే కొన్ని వందల టెంపోలు కావాలి మామా, సగానికి కట్టి సగానికి కట్టకుండా ఏళ్ల తరబడి ప్రమాదాలు లెక్కపెట్టాలి అన్నాను. ఏ తేడా లేదని తేలితే కట్టడం మానేస్తారా అని అడిగాను. కాసేపు ఆలోచించారు. "మాననేమో బిడ్డా. పోరడు రాత్రిపూట బొంబాయి రోడ్డు మీద ఉంటడు. కట్టకుంటే నాకు నిద్ర పట్టది" అన్నారు.

ఇంతకుముందైతే దీనికి నా దగ్గర పెద్ద ఉపన్యాసం ఉండేది. ఈసారి టెంపో టైర్లు చూద్దాం రండి అన్నాను. వెనక ఎడమ టైరు అరుగుదల గుర్తు దాకా అరిగిపోయి ఉంది, అంటే గాడి లోతు 1.6 మిల్లీమీటర్లకి వచ్చేసింది. ఆయన వేలు పెట్టి తడిమి చూసి, వెంటనే కొడుక్కి ఫోన్ చేశారు. మంగళవారానికి కొత్త టైరు వచ్చింది. శనివారం దండ కూడా వచ్చింది.

నేను ఇప్పటికీ స్ప్రే వ్యాక్స్ వాడుతున్నాను. నీడలో, కారు చల్లబడ్డాక, ఒక్కో భాగానికి రెండే చిలకరింపులు, అదీ గుడ్డ మీద కొట్టి తుడుస్తాను. చక్రాలకి, అద్దాలకి వాడను. ఎండ రక్షణనీ, మరకలు పడవనే మాటనీ నమ్మడం మానేశాను. మెరుపు గురించి ఎవరైనా అడిగితే మూడు, రెండు అని చెప్తున్నాను. మీ ఇంట్లో కూడా ఇలాంటి సీసా ఏదో ఒకటి ఉండే ఉంటుంది. పరీక్షకి ఒక మాస్కింగ్ టేప్, ఒక నాణెం చాలు. ఫలితం మీకు నచ్చకపోయినా సరే, నాకు రాయండి.