నాలుక అంచున ఒక బుడిపె

ఖుర్ఆన్ పఠనం నేర్పేవారికి నిత్యం పిల్లల నోళ్ళతోనే పని. ఏ అక్షరం పెదవుల నుండి వెలువడాలో, ఏది అంగిటి నుండో, ఏది గొంతు లోతుల నుండో చూపి దిద్దడమే తజ్వీద్ బోధన. వాటిలో ‘జాద్’ కఠినమైనది. నాలుక పక్క అంచు పైవరుస దవడ పళ్ళకు ఆనితేనే అది సరిగా పలుకుతుంది. చందానగర్‌లోని మా మదరసాలో పన్నెండేళ్ళ విద్యార్థి ఒకడు, అంతవరకు చక్కగా పలికిన ఆ అక్షరం వద్దనే తడబడసాగాడు. నోరు తెరిపించి చూశాము. నాలుక కుడి అంచున శనగగింజంత బుడిపె!

తల్లికి కబురంపాము. ఆమె అపార్ట్‌మెంట్లలో వంటపని చేస్తుంది. తండ్రి రాత్రివేళ ఐటీ కంపెనీలకు క్యాబ్ నడుపుతాడు. “మౌలానా సాబ్, ఇది క్యాన్సరేనా?” అని ఆ తల్లి అడిగిన తీరును మేము మరువలేము. సున్నం పూయమని ఒకరు, వెంట్రుకతో బిగించి కట్టమని మరొకరు అప్పటికే ఆమెకు చెప్పి ఉన్నారు. దుఆ చదివి ఊదమని కోరింది. ఊదాము. ఆ వెంటనే అఫ్జల్‌గంజ్‌లోని ప్రభుత్వ దంత వైద్య కళాశాల ఆసుపత్రికి వెళ్ళాలన్నాము. డ్యూటీ దిగిన తండ్రి నిద్ర మానుకొని బయలుదేరాడు. మేమూ ఎంఎంటీఎస్‌లో నాంపల్లి వరకు, అక్కడి నుండి ఆటోలో తోడు వెళ్ళాము.

వైద్యురాలు మొదట బుడిపెను ముట్టలేదు. దవడ కింద, మెడ పక్కన గ్రంథులు వాచాయేమోనని తడిమారు. ఆ తర్వాతే బుడిపెను వేళ్ళతో పట్టి చూశారు. నునుపు, చుట్టూ ఉన్న చర్మపు రంగే, స్పష్టమైన అంచులు, నొప్పి లేదు, పుండు లేదు. పక్కనే ఒక దవడ పన్ను అంచు విరిగి వాడిగా ఉంది. అది మాటిమాటికి గీరుకోవడం వల్ల పెరిగిన ఫైబ్రోమా అన్నారు. మత్తు సూది ఇచ్చి దానిని తొలగించారు, పంటి అంచును అరగదీశారు. అరగదీయకుంటే మళ్ళీ వస్తుందట! ముక్కను పరీక్షకు పంపగా క్యాన్సర్ కాదని తేలింది, అల్‌హమ్దులిల్లాహ్.

నోటిలోని మామూలు గడ్డలు ఒక్క రూపంలో ఉండవు. గోబీపువ్వులా గరుకుగా ఉండేది పాపిల్లోమా. మెత్తగా, పసుపు ఛాయతో ఉండేది కొవ్వుగడ్డ. ఎర్రగానో నీలంగానో ఉండి, నొక్కితే పాలిపోయేది రక్తనాళాల గడ్డ. దానిని సూదితో గుచ్చితే రక్తం ఆగడం కష్టం. కనుక ఇంటి వైద్యం వద్దు. చూపును బట్టి వైద్యుడు ఊహించగలడు, నిర్ధారించేది మాత్రం ముక్క పరీక్షే. రెండు వారాలు దాటినా మానని పుండు, తెల్లని లేదా ఎర్రని మచ్చ, గట్టిపడి కదలని గడ్డ ఉంటే ఒక్క రోజైనా ఆలస్యం చేయరాదు. గుట్కా, జర్దా నమిలేవారి విషయంలో మరీను.

నొప్పి లేదు గనుక పరవాలేదు అనే మాట మాకు తరచుగా వినిపిస్తుంది. తొలిదశలో క్యాన్సర్ కూడా నొప్పి లేకుండానే ఉండవచ్చు. మరి అమీలోబ్లాస్టోమా అనే కణితి క్యాన్సర్ కాదు. అయినా ఎక్కువగా కింది దవడ వెనుక భాగంలో, ఏళ్ళ తరబడి నొప్పి లేకుండా పెరుగుతూ ఎముకను తినివేస్తుంది. పళ్ళు కదులుతాయి, ముఖం ఒకవైపు ఉబ్బుతుంది. ముదిరితే దవడలో కొంత భాగాన్నే తీయవలసి వస్తుంది. మన పురుషుల గడ్డాల చాటున, స్త్రీల ముసుగుల చాటున ఈ ఉబ్బు ఎవరికీ కనిపించదు. గడ్డం దువ్వుకొనేటప్పుడు, ముసుగు సర్దుకొనేటప్పుడు రెండు దవడలనూ వేళ్ళతో తడిమి, ఒకదానితో ఒకటి పోల్చి చూసుకోండి.