అంచుకు ఏ రంగు?

పుట్టిన ఊరు కోడుమూరు, చేసే పని వెబ్ పేజీల నిర్మాణం. ఈ రెండింటికీ పొత్తు కుదురుతుందని ఇంతకాలం అనుకోలేదు. మొన్న ఒక చేనేత చీరల దుకాణానికి పేజీలు కట్టవలసి వచ్చినప్పుడు కుదిరింది.

పేజీకి తోచిన రంగు వేసే రోజులు పోయాయి. ఇప్పుడు డిజైన్ సిస్టమ్ ఏదైనా తీసుకుంటే రంగుల పట్టిక దానితోనే వస్తుంది. గూగుల్ 2014లో విడుదల చేసిన మెటీరియల్ డిజైన్ పట్టికలో 19 వర్ణాలుండేవి. ప్రతి వర్ణానికీ లేతదైన 50 నుండి ముదురైన 900 వరకు ఛాయలు. పదిమంది కలిసి పనిచేసే చోట పది రకాల నీలాలు పుట్టకుండా ఇటువంటి పట్టిక కాపాడుతుంది.

అయితే కోడు నిండా ‘నీలం 700’ అని రాసుకుంటూ పోతే చిక్కు తీరదు. రేపు యజమాని మెరూన్ కావాలంటే, ఏ నీలం బొత్తానిదో, ఏది లంకెదో, ఏది శీర్షికదో వెతుక్కోవాలి. అందుకే రంగుకు కాక స్థానానికి పేరు పెడతారు: ప్రధాన వర్ణం, నేపథ్యం, దోషసూచన. కోడు స్థానాన్ని అడుగుతుంది. ఆ స్థానంలో ఏ రంగు ఉండాలో ఒకేచోట రాసి ఉంటుంది.

ఇది మా ఊరి మగ్గానికి కొత్త సంగతి కాదు. కోడుమూరులో నేసే గద్వాల పద్ధతి చీరలో బాడీ నూలు, అంచూ కొంగూ పట్టు. రెంటినీ కలిపే నేత కుప్పడం. ఒక చీరకు అంచైన మెరూన్ మరొక చీరకు బాడీ కావచ్చును. ముందు స్థానం, తరువాత రంగు.

పక్కనున్నదాన్ని బట్టి రంగు మారి కనబడుతుందని శాస్త్రీయంగా నిరూపించినవాడు కూడా నేతశాలవాడే. పారిస్‌లోని గోబెలిన్ నేతశాలలో 1824లో అద్దకాల విభాగానికి అధిపతియైన షెవ్రూల్, నల్లరంగు వెలవెలబోతోందన్న ఫిర్యాదును పరిశీలించాడు. లోపం అద్దకంలో లేదు, పక్కనున్న దారాల్లో ఉంది. ఆ సూత్రాన్ని 1839లో గ్రంథంగా ప్రకటించాడు.

కనుక చీరల బొమ్మల చుట్టూ పట్టికలోని మెరిసే రంగులేవీ వాడలేదు. తెలుపు, లేత బూడిద మాత్రమే. ముదురు రంగును ‘కొనండి’ బొత్తానికి ఉంచాను. అక్షరాలకూ నేపథ్యానికీ కనీసం 4.5:1 వెలుగు భేదం ఉండాలన్న నియమాన్ని ఎక్కడా సడలించలేదు. మన ఒత్తులు అసలే చిన్నవి, లేతరంగులో మరీ మాయమవుతాయి.

“రంగుల అంగడికి ఇంత వెలిసిన గోడలేమిటయ్యా?” అన్నారు యజమాని. “రంగు చీరది కావాలి గానీ గోడది కాదు కదండీ” అన్నాను. తెరమీద ఒకటి చూసి, చేతికి మరొకటి వచ్చిందని కొన్నవారు చీర తిప్పి పంపితే ఆ భారం చివరకు మగ్గం దాకా పోతుంది. రోజుల తరబడి గుంటలో కాళ్ళు పెట్టి కూర్చున్న మనిషి కష్టమది.

ఒక్కో ఫోను తెర ఒక్కో తీరు. దానికి నేను చేయగలిగింది లేదు. అందుకని ప్రతి బొమ్మ కింద రంగు పేరు తెలుగులో రాశాను: నెమలికంఠం, వంగపండు, ఉల్లిపొర, కనకాంబరం, గచ్చకాయ. తెర తప్పినా పేరు తప్పదు. మీ ఊళ్ళలో వాడుకలో ఉన్న రంగుల పేర్లు చెప్పండి. పట్టికలో ఇంకా చాలా చోటుంది.