వాదీ హనీఫాలో ఎర్ర మునియాలు

అబూదావూద్ హదీసు సంకలనంలో 'హుమ్మరా' అనే చిన్న పక్షి ప్రస్తావన ఉంది. ఒక ప్రయాణంలో సహాబీలు దాని రెండు పిల్లలను తీసుకోగా, తల్లి పక్షి వచ్చి రెక్కలు అల్లార్చసాగింది. అది గమనించిన దైవప్రవక్త (స) పిల్లలను తల్లికి తిరిగి అప్పగించమన్నారు. ఇది పిచ్చుకంతటి పక్షి అని వ్యాఖ్యాతలు వివరించారు. పేరులో ఎరుపు ధ్వనిస్తుంది. తరగతిలో మేము అంతకుమించి చెప్పము.

రియాద్‌కు దక్షిణాన అల్ హాయిర్ వద్ద వాదీ హనీఫాలో శుద్ధిచేసిన నగరపు నీరు పారుతుంది. గట్ల వెంట రెల్లు దట్టంగా పెరిగింది. అక్కడ ఉద్యోగం చేస్తున్న మా పెద్దబ్బాయి ఇంటికి వెళ్ళినప్పుడు, ఒక శుక్రవారం అసర్ తరువాత ఆ గట్టుకు వెళ్ళాము. పది పన్నెండు చిట్టి పక్షులు కిచకిచమంటూ రెల్లు కంకులపై వాలాయి. కొన్నింటి ఒళ్ళు ఎరుపు. "దాదా, హుమ్మరా!" అని మనవడు గట్టిగా అరిచాడు.

వాడి ఊహ తెలివైనదే. కానీ ఒకే పేరుగల ఇద్దరు రావీలను తండ్రి, ఊరు, గురువు ఎవరో తేల్చకుండా ఒక్కరనుకోవడానికి హదీసు విద్య ఒప్పుకోదు. పక్షి విషయంలోనూ ఆ పద్ధతే మేలనిపించింది. మా అబ్బాయి తీసిన ఫోటోను పెద్దది చేసి చూశాము. ముక్కు ఎరుపు, వెండిముక్కు మునియా అయితే బూడిదరంగు ఉండేది. రెక్కలపై తెల్లని చుక్కలు. గోధుమవన్నె ఆడపక్షులకు సైతం తోక మొదట ఎరుపే. సందేహం తీరింది: ఇది హిందూస్తాన్ వారి లాల్, మన ఎర్ర జీనువాయి. మగపక్షి జతకట్టే కాలంలో మాత్రమే నిండా ఎర్రబడుతుంది, తరువాత ఆ రంగు వీడుతుంది.

పూర్వం అహ్మదాబాద్ నుండి పంజరాల్లో విదేశాలకు ఎగుమతి అయినందున, దాని శాస్త్రీయనామం 'అమండవ' ఆ ఊరి పేరు నుండే పుట్టింది. పంజరాలు తప్పించుకున్న పక్షుల సంతతి ఈజిప్టులో, స్పెయిన్‌లో, అరేబియాలో నేడు స్వేచ్ఛగా గూళ్ళు కడుతోంది. వర్తకుల వెంట వచ్చిన పక్షి హదీసులోని హుమ్మరా కాజాలదు.

మనవడి ముఖం చిన్నబోయింది. వాడు పుట్టింది రియాద్‌లోనే; ఇఖామా గడువు మాటలు ఇంట్లో వింటూ పెరిగాడు.

"అయితే ఇవి ఇండియావా, ఇక్కడివా?"

గూడు ఇక్కడ కట్టాయి, పిల్లలు ఇక్కడే పుట్టాయి, కనుక ఇక్కడివే అన్నాము. వాడు తండ్రి వైపు చూశాడు. మా అబ్బాయి ఫోను జేబులో పెట్టుకుని, మగ్రిబ్ వేళవుతోందని లేచాడు.