జంట మైకులు

మా పాఠశాల గ్రంథాలయము వెనుకనున్న చిన్నగదిని ధ్వనిముద్రణ మందిరముగా మార్చుటకు తల్లిదండ్రులు తలకొంత వేసికొని సొమ్ము సమకూర్చిరి. ఆ సొమ్ములో పెద్దభాగము రెండు మైకులకే చెల్లినది. అది యెట్లు జరిగినదో తెలుపుట మా విధి.

గత సంవత్సరము ఈ పని తలపెట్టినపుడు మా మనస్సులో నున్నది ఒకే పాట. మా విద్యార్థిని యొకతె యవ్వ, పూర్వము రాగులు విసరుచు పాడిన పాట యది. మా హోసూరు ప్రాంతపు తెలుగిండ్లలో విసురురాళ్లు చాలవరకు గోడప్రక్కకు చేరినవి. పాట మాత్రము ఆమె నోట నిలిచియుండెను. మేము తిరుపతిలో ఉపాధ్యాయ శిక్షణ పొందిన దినములలో ఉచ్చారణ దోషములను దిద్దుట శ్రద్ధగా నేర్చుకొంటిమి. దిద్దక వినవలసిన తెలుగు కూడ కలదని యిచ్చటికి వచ్చిన పిదపనే తెలిసినది.

ప్రార్థనకు వాడెడి మైకు ఈ పనికి చాలలేదు. దానిలోని పొరకు తీగచుట్ట యొకటి యతికియుండును. నోటిదగ్గర నుంచుకొని గట్టిగ పలికిననే గాని చక్కగ పనిచేయదు. కండెన్సర్ మైకు పొరకు ఆ బరువు లేదు. విద్యుదావేశము గల పలక కెదురుగ మిక్కిలి పలుచని పొర కదలుచుండ, రెంటి నడిమి దూరము మారుటచే సంకేతము పుట్టును. అవ్వ ఊపిరి తీయుటయు, సకార శకారముల భేదమును దానికి చిక్కును. అయితే మందిరములలో వాడు కండెన్సర్ మైకులకు సాధారణముగ 48 వోల్టుల విద్యుత్తును ఆ తీగగుండనే యందింపవలెను.

అవ్వ నడుమ కూర్చుండి పాడగా, పిల్లలు ఇరుప్రక్కల నిలిచి వంత పాడవలెను. కనుక రెండు మైకులు కావలసివచ్చెను. మా పొరపా టిచ్చటనే జరిగినది. పెద్దపొర మైకొకటి మిత్రులిచ్చిరి. చిన్నపొర మైకొకటి చౌకగ దొరకెను. రెండును మంచివే కదా యని వానిని దూరదూరముగ నిలిపి పాట ముద్రించితిమి. తరువాత వినగా, అవ్వ కదలక కూర్చున్నను ఆమె గొంతు కదలుచుండెను! మంద్రస్వరము లెడమకు, తారస్వరములు కుడికి జరుగుచుండెను. అంతియే కాదు, ఎడమ మైకు ఆమెకు రెండడుగులు దగ్గరగ నుండుటచే ధ్వని దానికి ముందుగ చేరెను. ఆ వ్యవధి సెకనులో అయిదువందల వంతు కూడ లేదు. అయినను ఒకే స్పీకరుగల ఫోనులో ఆ రెండు ధ్వనులు కలిసినపుడు కొన్ని స్వరములు ఒకదానినొకటి మ్రింగివేయగా, గొంతు కుండలోనుండి వచ్చినట్లుండెను.

“సార్, మా అవ్వ ఇట్ల పాడదు” అని ఆ బాలిక యనెను. ఆ మాట మమ్ము పలుదినములు విడువలేదు.

ఆమెను, ఆమె తండ్రిని వెంటబెట్టుకొని బెంగుళూరు పోతిమి. పెద్దపొర మైకులు చూపునకు ఘనముగ నుండును. ఒక్క గాయకుని ముందర శోభించును. కాని ప్రక్కలనుండి వచ్చు ధ్వనిని అవి కొంత మార్చి యందించును. జంటగ నిలుపునపుడో, ధ్వని చాలవరకు ప్రక్కలనుండియే వచ్చును. కావున చిన్నపొరవానినే యెంచితిమి. న్యూమన్ కె.ఎం. 184 జంటను విని ముచ్చటపడితిమి. వెల విని లేచితిమి. రోడ్ ఎన్.టి. 5 వంటివి, జతకూర్చి యమ్మునవి, మాకు కొంత యందుబాటులో నుండెను. మైకు తనంత తాను చేయు రొద 16 డెసిబెళ్లకు మించరాదనియు, రెంటి సున్నితత్వమున ఒక డెసిబెల్‌కు మించి భేదముండరాదనియు నియమము పెట్టుకొంటిమి.

పత్రములోని అంకెలను నమ్మి ఊరకొనలేదు. రెండు మైకుల తలలను చేర్చి, ఒకదాని ధ్రువతను మిక్సరులో త్రిప్పి, అద్దపు గదిలో బాలికచే మాటాడించితిమి. సరియైన జోడైనచో రెండు సంకేతములును ఒకదానినొకటి రద్దుచేసికొనవలెను. మొదటి జంటలో ఆమె మాటలు సన్నగ వినబడెను. రెండవ జంటలో ఆమె పెదవులు కదలుచుండెనే గాని హెడ్‌ఫోనులలో దాదాపుగ నేమియు లేదు. తండ్రి గాభరాపడి “చెడిపోయిందా సార్?” అనెను. ఆ జంటనే కొంటిమి.

ఇంత శ్రమపడి తెచ్చిన తరువాత మా గది ఫ్యాను రొద మైకు రొదకంటె ఎన్నియో రెట్లని తేలెను! దాని నాపి, గోడలకు బొంతలు వ్రేలాడదీసితిమి. మైకులను ఫ్రెంచి రేడియోవారి ఓ.ఆర్.టి.ఎఫ్. పద్ధతిని 17 సెంటీమీటర్ల యెడముతో, 110 డిగ్రీల కోణమున నిలిపితిమి.

దీపావళి సెలవులలో అవ్వ మరల వచ్చెను. “ఈ రెండు కడ్డీల్లో దేన్ని చూసి పాడాల నాయనా?” అని యడిగెను. “రెండింటి వెనక మీ మనవరాలుంది, దాన్ని చూసి పాడవ్వా” అంటిమి. గొంతు నడుమనే నిలిచెను. వంత యిరువైపుల పరచుకొనెను. కాని మూడవ చరణమునొద్ద ఆమె యాగిపోయెను. మనుమరాలు మొదటిమాట యందించినను తక్కినది జ్ఞప్తికి రాలేదు. మరుదినమును రాలేదు.

ఆ చరణము చెడిన పాత ముద్రణలో మాత్రమే కలదు. బాలిక యందలి కుడి మైకు ధ్వనిని తొలగించి, ఎడమదాని నొక్కదానినే యుంచి, సాయంకాలములలో దానిని శుభ్రపరచుచున్నది. అందులో కుడిప్రక్క పిల్లల వంత దూరమున నెక్కడో పాడినట్లు వినబడుచున్నది.