ఉలవల మలుపు

సినిమాలో హీరో మోటార్ సైకిల్ మీంచి పడితే ఏమవుతుంది? దుమ్ము దులుపుకుని లేస్తాడు. నుదుటి మీద చిన్న ఎర్రగీత, మరుసటి సీనులో పాట! నేనూ పడ్డాను. మోటార్ సైకిల్ కూడా కాదు, మామూలు సైకిల్ మీంచి. పాటకి బదులు తొడ ఎముకలో రాడ్డు వచ్చింది. ఆ కథ చెప్పాలంటే ముందు మిమ్మల్ని అనంతపురం తీసుకెళ్ళాలి.

ఊరు దాటి కళ్యాణదుర్గం రోడ్డు పట్టుకుంటే కాసేపట్లోనే రొద వెనకబడుతుంది. ఎర్రనేల, బండల గుట్టలు, వేరుశనగ చేలు, నీళ్ళకోసం ఎదురుచూసే చెరువులు. నైరుతి మేఘాల్ని పడమటి కనుమలు ఆపేస్తాయి. ఈశాన్య మేఘాలు తూర్పు తీరం నుంచి ఇంతదూరం వచ్చేసరికి ఖాళీ అయిపోతాయి. ఏడాది మొత్తానికి 550 మిల్లీమీటర్ల చుట్టుపక్కల వాన పడితే అదే పండగ. అన్నట్టు, 'మాయాబజార్' తీసిన కె.వి. రెడ్డిగారిది ఈ సీమలోని తాడిపత్రే సుమా! తెరమీద అన్ని మాయలు చూపించిన ఆయన సొంత గడ్డమీద వాన మాత్రం ఏ మాయకీ దిగిరాదు.

కిందటేడు సంక్రాంతి వెళ్ళాక ఆ రోడ్డున సైకిల్ మీద పోతున్నాను. ఆత్మకూరు ఇంకా రాలేదు. ఒక మలుపు తిరగ్గానే తారురోడ్డు నిండా ఉలవ కట్టె పరిచి ఉంది. అక్కడ రోడ్డే కళ్ళం! వచ్చేపోయే బస్సులూ లారీలూ తొక్కితే కాయ పగిలి గింజ రాలుతుంది. ఆ గింజలు నా చక్రం కింద బాల్ బేరింగుల్లా దొర్లాయి. చెయ్యి చాచి పడ్డాను. ఎడమ తొడ, కాలర్ బోన్... రెండూ విరిగాయి.

ఆపరేషను అయ్యాక మూడు నెలలు చంకకర్రలు. మోకాలు మొదట 30 డిగ్రీలే వంగింది. ఆ డిగ్రీల్ని సినిమా కలెక్షన్లలా రోజూ రాసుకునేవాణ్ణి. 45, 60, 90... ఎనిమిది నెలలకి డాక్టరుగారు "ఇక తొక్కవచ్చు" అన్నారు. కాని సైకిలు పక్కన నిలబడితే చాలు, అరచేతులకి చెమటలు! ఎముక అతికింది, ధైర్యం అతకలేదు.

అప్పుడు దొరికాడు రేసు మామ. అనంతపురంలో మెకానిక్ షాపు, వయసు అరవై దాటింది. 1980లలో షోలవరంలో రెండుసార్లు పోటీకి దిగాడట. షోలవరమంటే అప్పటి మద్రాసు దగ్గర రెండో ప్రపంచయుద్ధం నాటి విమానాల రన్‌వే. 1990లో ఇరుంగాట్టుకోట్టై ట్రాకు వచ్చేదాకా దక్షిణాది కుర్రాళ్ళకి రేసుల తీర్థం అదే. మామలాంటి అమెచ్యూర్లు మైసూరులో తయారైన యెజ్డీ బండి తెచ్చుకుని, హెడ్‌లైటూ అద్దాలూ పీకేసి, ఎరువు తెచ్చుకున్న తోలు జాకెట్టు తొడుక్కుని దిగేవారట.

"గెలిచావా మామా?" అన్నాను.

"గెలిచేదానికి పోయినామా అల్లుడా? పడకుండా వచ్చేదానికి పోయినాము" అని నవ్వాడు. రెండోసారి పడ్డాడు. కుడి మణికట్టు ఇప్పటికీ పూర్తిగా తిరగదు.

షాపు గోడమీద పేపర్లో కత్తిరించిన ఫోటోలు రెండున్నాయి. ఇద్దరూ బెంగళూరు వాళ్ళే. సి.ఎస్. సంతోష్ 2015లో డకార్ ర్యాలీ పూర్తిచేసిన మొదటి భారతీయుడు. అతనిది 36వ స్థానం. 2021లో సౌదీ అరేబియాలో నాలుగో స్టేజిలో పడితే, తలకి తగిలిన దెబ్బకి డాక్టర్లు మందులిచ్చి కోమాలో ఉంచారు. తేరుకుని ఇల్లు చేరాడు. ఇక ఐశ్వర్య పిస్సే 2018లో స్పెయిన్‌లో బాజా పోటీలో పడి పాంక్రియాస్ దెబ్బతీసుకుంది. మరుసటేడు, 2019లో, మహిళల బాజా ప్రపంచకప్ గెలిచింది!

"వాళ్ళకి భయం లేదు మామా" అన్నాను.

"ఎవరు చెప్పినారు? భయం లేనోడు బ్రేకు మరిచిపోతాడు. చూపు గుంతలో పెడితే బండి గుంతలోకే పోతాది. దారిలో పెట్టు. అంతే."

ఈ జనవరిలో బయల్దేరాం. ముందు మామ యెజ్డీ నెమ్మదిగా, వెనక నా సైకిలు. అదే మలుపు. మళ్ళీ ఉలవలు! దిగిపోయాను. కళ్ళం పక్కన ఒక అవ్వ కూర్చుని ఉంది. ఏడాదిగా దాచుకున్న తిట్లు నోటిదాకా వచ్చాయి.

"పోయినేడు ఈడే పడి కాలు ఇరగ్గొట్టుకుంటి అవ్వా" అన్నాను.

ఆమె లేచొచ్చి నా కాలికేసి చూసింది. "అయ్యో నాయనా! శనక్కాయ ఏస్తే వాన్లు లేక ఎండిపాయ. మళ్ళా దున్ని ఉలవలు చల్లితిమి. ఇవన్నా దక్కనీలే అని..."

తిట్లు గొంతులోనే ఆగిపోయాయి. నన్ను పడేసిన గింజ, ఒకసారి ఎండిపోయిన చేలో మళ్ళీ దున్ని పండించుకున్న గింజ.

అవ్వ చీపురుతో ఓ వారగా గింజలు ఊడ్చి దారి చేసింది. "పో నాయనా, నిదానంగా పో." అవతల నుంచి మామ కేక: "చూపు ముందర పెట్టు అల్లుడా!"

ఎక్కాను. ఇరవై గజాలుంటుందేమో ఆ దారి. చేతులు వణికాయి గాని చూపు మామ మీదే పెట్టాను. దాటాను. జెండా ఎవరూ ఊపలేదు. అవ్వ మాత్రం చీపురు ఎత్తి చూపించింది.

మీరూ ఆ దారిన వెళ్తే, అందులోనూ సంక్రాంతి రోజుల్లో, మలుపుల్లో వేగం తగ్గించండి. హెల్మెట్టు మరవకండి. రేసు చెయ్యాలనుంటే ట్రాకు మీద చెయ్యండి, రోడ్డుకి రీటేకు లేదు. కళ్ళం కనిపిస్తే దిగి నడవండి. అక్కడ అవ్వ ఉంటే, ఈ యేడు ఉలవలు ఎన్ని మూటలయ్యాయో నా తరఫున అడగండి!