ఇసక లేదనుకుని కట్టండి

నా చుట్టూ ఉన్న ఐటీ జనాల్లో ఈమధ్య ఉప్పునీటి అక్వేరియం మోజు బాగానే కనిపిస్తోంది. ఏ చేప తెచ్చారు, లైటు ఎంత పెట్టి కొన్నారు.. ఎప్పుడూ ఇవే కబుర్లు. లోపల పేర్చిన రాళ్ళు దేనిమీద నిలబడ్డాయండీ అనడిగితే మాత్రం "ఇసక మీద" అని తేలిగ్గా చెప్పేస్తారు. నా గొడవంతా ఆ తేలికదనంతోనే.

మాది తాడేపల్లిగూడెం, అక్కావాళ్ళది ఏలూరు. బావగారికి కైకలూరు వైపు చేపల చెరువులున్నాయి. "ఉప్పుటేరు అంత దగ్గర్లో ఉండగా ఇంట్లో ఉప్పునీళ్ళేంట్రా" అని నాన్న నవ్వారు గానీ, బావగారు ముచ్చటపడి హాల్లో నాలుగడుగుల ట్యాంకు పెట్టించారు. 120 సెంటీమీటర్ల పొడవు, వెడల్పూ ఎత్తూ 45. నిండా పోస్తే నీళ్ళే సుమారు 250 కిలోలు! షాపు కుర్రాడు ముందు ఇసక పోసి, దానిమీద రాళ్ళతో ఎత్తుగా ఒక ఆర్చీ కట్టి, నీళ్ళు నింపి వెళ్ళాడు. చూడ్డానికి భలే ఉంది. చేపలింకా రాకపోయినా నాలుగేళ్ళ మేనకోడలు అద్దానికి ముక్కు ఆనించి అక్కడే కూర్చునేది. ఆ ఆర్చీ ముందుకి ఒరిగితే తగిలేది సరిగ్గా ఆ అద్దానికే.

బావగారు తేవాలనుకున్న జాబితాలో మొదటిది పిస్టల్ రొయ్య, దాంతో జంటగా ఉండే గోబీ చేప. రొయ్య రాళ్ళ కింద ఇసక తవ్వి బొరియ చేసుకుంటుంది, గోబీ వాకిట్లో కాపలా కాస్తుంది. పగలంతా దానికి అదే పని. ఈ సంగతి చెప్పగానే ఆయన ముఖం మారింది.

"చెరువు గట్టుకి ఎండ్రకాయ బొరియ పెడితే పైకి ఏమీ కనపడదోయ్. గండి పడ్డాకే తెలుస్తుంది. గట్టు పోసేముందు గడ్డీ మెత్తమట్టీ తీసేసి గట్టినేల మీద పోస్తాం. దీనికి గట్టినేల ఏది?"

నేను అరగంట చెబుదామనుకున్న లెక్చరు ఆయన నాలుగు ముక్కల్లో తేల్చేశారు :) ట్యాంకులో గట్టినేల అంటే అడుగు అద్దమే. ఆ ఆదివారం ఇద్దరం కలిసి మొత్తం విప్పి మళ్ళీ కట్టాం. చేసింది ఇదీ..

అడుగు అద్దం మీద ముందు పలచటి ప్లాస్టిక్ జాలీ పరిచాం. రాయి తిన్నగా అద్దం మీదుంటే పగలదా అని చాలామందికి భయం. నిలకడగా ఉన్న బరువుతో అంత ప్రమాదం లేదు. భయపడాల్సింది జారిపడే రాయికి, బరువంతా ఒకేచోట మోపే మొనకి. జాలీ ఆ మొన నేరుగా అద్దానికి గుచ్చుకోకుండా చూస్తుంది. దానిమీద పెద్ద రాళ్ళు, ఒక్కోటీ కనీసం మూడుచోట్ల ఆనేట్టు. వెడల్పు కింద, సన్నం పైన. ఇసక పోసింది ఆఖర్న. ఇప్పుడు రొయ్య ఎంత తవ్వుకున్నా రాయి దిగబడదు.

పై రాళ్ళకి డ్రిల్లుతో బెజ్జాలు వేసి ఆక్రిలిక్ కడ్డీలు దూర్చాం. ఇనుము తుప్పు పడుతుంది, రాగి కరిగితే రొయ్యలూ నత్తలూ చస్తాయి, అందుకని లోహం జోలికే పోలేదు. నీళ్ళలో గట్టిపడే ఎపాక్సీ వాడాం గానీ సందులు పూడ్చడానికే. బరువు మోయాల్సింది కడ్డీ, జిగురు కాదు. అద్దానికీ రాయికీ మధ్య చెయ్యి పట్టేంత ఖాళీ వదిలాం, శుభ్రం చేసేటప్పుడు మోచెయ్యి తగలకుండా.

ఇంజినీరింగులో చదివి వదిలేసిన ఆర్కిమెడిస్ ఇక్కడ పనికొచ్చాడు. గట్టి సున్నపురాయి నీళ్ళలో సుమారు మూడోవంతుకి పైగా బరువు తగ్గుతుంది. అంటే పొడిగా ఉన్నప్పుడు కదలని రాయిని నీళ్ళలో ఒక నత్త కూడా దొర్లించొచ్చు. మళ్ళీ నీళ్ళు మార్చడానికి సగం తోడితే, పైకి తేలిన రాళ్ళకి అసలు బరువు తిరిగొచ్చి అతుకుల మీద పడుతుంది. అందుకే ఖాళీ ట్యాంకులో ఒకసారి, నీళ్ళు పోశాక ఒకసారి, సగం తోడాక ఇంకోసారి చేత్తో ఊపి చూడాలి. ప్రొడక్షన్‌కి పోకముందు చేసే టెస్టింగ్ అనుకోండి.

అన్నట్టు, షాపువాడు "ఒరిజినల్ పగడం" అంటే మోజుపడకండి. రాతి పగడాలన్నిటినీ 2001లోనే వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్లో చేర్చారు. సిమెంటుతో చేసిన కృత్రిమ రాళ్ళు చాలు. కాకపోతే వాటిలోని క్షారం పోయేదాకా కొన్ని వారాలు మంచినీళ్ళలో నానబెట్టి, నీళ్ళు మారుస్తూ ఉండాలి.

ఇంత చేశాక ఆ పాత ఆర్చీ అంత అందం రాలేదు, నిజమే. ఎత్తు తగ్గింది, కాస్త మొద్దుగా కూడా ఉంది. "గట్టు అందంగా ఉందా అని ఎవడూ అడగడు" అన్నారు బావగారు. మీరూ రాళ్ళు పేర్చేటప్పుడు ఇసక అనేదే లేదనుకుని కట్టండి. అది లేకుండా నిలబడితేనే, అది పోశాకా నిలబడుతుంది.